పై పెదవి మీద నూగు ఎందుకు ముదురుతుంది?

విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందుల్లోనూ, గుంటూరు బ్రాడీపేట లైన్లలోనూ బ్యూటీ పార్లర్లకు కొదవ లేదు. కనుబొమలు సరిచేయించుకోవడానికి వెళ్లిన అమ్మాయి, దారం పని అయిపోతుండగా ‘అప్పర్ లిప్ కూడా’ అంటుంది. కొన్నాళ్లకు ఆ మాట పక్కన ‘చిన్ కూడా’ అన్నది చేరుతుంది. మొదటి మాట మామూలు గొంతుతోనే వస్తుంది. రెండోదానికి గొంతు తగ్గుతుంది. ఈ రెండు మాటల మధ్య ఎంత కాలం గడిచింది, ఆ కాలంలో నెలసరి ఎలా ఉంది అని అడిగేవాళ్లు మాత్రం చాలా అరుదు. కారణం దొరికేది ఎక్కువగా అక్కడే.

మన ఊళ్లలో ముఖం మీద వెంట్రుకలు మొదలైన ఆడపిల్ల ముందు పార్లర్‌కు వెళ్తుంది. తర్వాత ఎవరో చెప్పిన క్రీము కొంటుంది. డబ్బు కుదిరితే లేజర్ దాకా వెళ్తుంది. వీటితో విసిగిపోయాకనో, పెళ్లయి పిల్లలు ఆలస్యమయ్యాకనో డాక్టరు దగ్గరికి వెళ్తుంది. ఈ వరుస తలకిందులుగా ఉంది. వెంట్రుకలు తీయించుకోవడంలో తప్పేమీ లేదు, అది ఎవరి ఇష్టం వాళ్లది. కానీ ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోకుండా ఏళ్ల తరబడి పైపైన తీసుకుంటూ పోతే, తేలిగ్గా చక్కబడే సమస్య కూడా ముదిరిపోతుంది.

ముందు వెంట్రుక సంగతి చూద్దాం. ముఖం మీద వెంట్రుకల కుదుళ్లు ఆడవాళ్లకూ మగవాళ్లకూ దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయి. పుట్టాక కొత్తవి ఏర్పడవు. తేడా అంతా ఆ కుదుళ్లు ఎలాంటి వెంట్రుకను పెంచుతాయన్న దానిలోనే. చాలామంది ఆడవాళ్లకు చెంపల మీద, పై పెదవి మీద సన్నగా, మెత్తగా, రంగు లేని నూగు ఉంటుంది. అది పూర్తిగా సహజం. ఆండ్రోజెన్లు అనే హార్మోన్ల ప్రభావం పెరిగితే అదే కుదురు నూగుకు బదులు నల్లటి, మందమైన, బిరుసు వెంట్రుకను పెంచడం మొదలుపెడుతుంది. గడ్డం, పై పెదవి, ఛాతీ మధ్య, బొడ్డు కింద, తొడల పైభాగం, నడుము వంటి చోట్ల కుదుళ్లు ఈ హార్మోన్లకు త్వరగా స్పందిస్తాయి. ఇలా మగవాళ్లకు వచ్చే చోట్ల ఆడవాళ్లకు ముదురు వెంట్రుకలు రావడాన్ని వైద్యంలో హిర్సుటిజం అంటారు. పిల్లల్ని కనే వయసులో ఉన్న ప్రతి 100 మంది ఆడవాళ్లలో 5 నుంచి 10 మందికి ఇది ఉంటుంది. ఒంటరిగా అద్దం ముందు నిలబడి ‘నాకే ఎందుకు’ అనుకునే వాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఈ అంకె.

ఆండ్రోజెన్లను మన వాళ్లు ‘మగ హార్మోన్లు’ అంటారు. ఈ పేరు చేసిన చేటు ఇంతా అంతా కాదు. ‘నాకు మగ హార్మోన్ ఎక్కువైందట’ అని విన్న అమ్మాయికి గుండె జారిపోతుంది. ఇంట్లో ఎవరో ఒకరు ‘మగరాయుడు’ అని ఓ మాట విసురుతారు. నిజానికి ఈ హార్మోన్లు ప్రతి ఆడమనిషి ఒంట్లోనూ పుట్టినవే, ఉండాల్సినవే. ఈస్ట్రోజెన్ తయారయ్యేది కూడా ఆండ్రోజెన్ నుంచే. ఈ ఆండ్రోజెన్లలో ముఖ్యమైనది టెస్టోస్టిరోన్. ఆడవాళ్లలో దానిలో సుమారు పావు వంతు అండాశయాల నుంచి, మరో పావు వంతు మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వస్తుంది. మిగతా సగం కొవ్వు, చర్మం వంటి చోట్ల వేరే హార్మోన్ల నుంచి మారి తయారవుతుంది. అందులో చాలా భాగం రక్తంలోని ప్రొటీన్లకు అంటుకొని ఉంటుంది, స్వేచ్ఛగా తిరిగేది 1 నుంచి 2 శాతమే. కుదురు మీద పనిచేసేది ముఖ్యంగా ఆ కొంచెమే. కాబట్టి మొత్తం టెస్టోస్టిరోన్ మామూలుగా ఉన్నా, దాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ తగ్గితే చాలు, వెంట్రుక ముదురుతుంది. ‘రిపోర్టు నార్మలే, మరి ఈ వెంట్రుకలేంటి’ అన్న చిక్కుముడి చాలాసార్లు ఇక్కడే విడుతుంది.

హిర్సుటిజం ఉన్నవాళ్లలో 70 నుంచి 80 శాతం మందికి కారణం పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్), అంటే అండాశయాల్లో హార్మోన్ల లెక్క తప్పే సమస్య. మన వాడుకలో పీసీఓడీ, లేదా ‘నీటి బుడగలు’. 1935లో షికాగోకు చెందిన స్టీన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు ఆడవాళ్లను పరిశీలించి దీన్ని వివరించారు. ప్రపంచవ్యాప్తంగా పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో సుమారు పది మందిలో ఒకరికి ఉంటుందనీ, వారిలో 70 శాతం దాకా తమకు ఉన్నట్టే తెలియదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

‘గర్భసంచిలో నీటి బుడగలు’ అనే మాట రెండు రకాలుగా తప్పు. అవి ఉండేది అండాశయాల్లో. పైగా అవి రోగపు బుడగలు కావు, పూర్తిగా ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన అండపు సంచులు. వాటిని పగలగొట్టాల్సిన పని లేదు, అవి పగిలితే ఏదో అవుతుందన్న భయమూ అక్కర్లేదు. అసలు ఇబ్బంది వాటిని ఆపేసిన హార్మోన్ల లెక్కలో ఉంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువగా వస్తే అండాశయం ఆండ్రోజెన్లను ఎక్కువగా తయారు చేస్తుంది. దానికి, రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ తోడవుతుంది. ఒళ్లు ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే క్లోమం మరింత ఇన్సులిన్ విడుదల చేస్తుంది. ఆ అదనపు ఇన్సులిన్ అండాశయాన్ని ఎగదోస్తుంది, టెస్టోస్టిరోన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తయారు చేయకుండా తగ్గిస్తుంది. అంటే హార్మోన్ తయారీ పెరుగుతుంది, దానికి ఉన్న కట్టూ వదులవుతుంది. గడ్డం మీద వెంట్రుకకూ, ఇంట్లో నాన్నకో నానమ్మకో ఉన్న షుగరుకూ చుట్టరికం ఇదే.

ఈ చుట్టరికానికి కంటికి కనిపించే గుర్తు ఒకటుంది. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి మందంగా, ముట్టుకుంటే మఖ్మల్‌లా అవుతుంది. ‘స్నానం సరిగా చేయట్లేదా, రుద్దుకో’ అని తల్లులు నలుగు పెట్టి రుద్దుతారు. అది మట్టి కాదు, ఇన్సులిన్ ఎక్కువగా ఉందని చర్మం చెబుతున్న కబురు. ఎంత రుద్దినా పోదు, రుద్దితే ఇంకా నల్లబడుతుంది. మన దేశపు ఆడవాళ్లకు బరువు మరీ ఎక్కువ లేకపోయినా ఇన్సులిన్ ఇబ్బంది రావచ్చు. అందుకే భారతీయ స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటగానే జాగ్రత్త పడమంటారు. సన్నగా ఉన్న అమ్మాయికి పీసీఓఎస్ రాదనుకోవడం పొరపాటు.

పీసీఓఎస్ అని తేల్చడానికి 2003లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో కుదిరిన కొలబద్దనే కొద్ది మార్పులతో నేటికీ వాడుతున్నారు. నెలసరి గాడి తప్పడం, ఆండ్రోజెన్లు పెరిగిన గుర్తులు, స్కానింగ్‌లో అండాశయాల తీరు అనే మూడింటిలో రెండు ఉండాలి. వేరే కారణాలు లేవని కూడా చూసుకోవాలి. అంటే స్కాన్ ఒక్కటే చాలదు. ఇది విజయవాడ, గుంటూరు ఇళ్లలో గట్టిగా చెప్పాల్సిన మాట. ఈ రెండు ఊళ్ల చుట్టూ ఇంటర్ హాస్టళ్లలో పదహారు, పదిహేడేళ్ల ఆడపిల్లలు వేలల్లో ఉన్నారు. పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చునే చదువు, నిద్ర తక్కువ, పరీక్షల టెన్షన్. నెలసరి ఒకటి రెండుసార్లు తప్పితే కంగారు పడి స్కాన్ చేయిస్తారు. ‘పీసీఓడీ ఉంది’ అన్న ముద్రతో ఇంటికి తిరిగొస్తారు. కానీ రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు అమ్మాయిల అండాశయాల్లో ఎక్కువ సంచులు కనిపించడం మామూలే. అందుకే ఆ వయసులో స్కాన్ ఆధారంగా నిర్ధారించవద్దని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నెలసరి అస్తవ్యస్తం కావడం, ఆండ్రోజెన్ గుర్తులు, రెండూ ఉంటేనే ఆ పేరు పెట్టాలి. పదహారేళ్ల పిల్ల నెత్తిన ‘నీకు పిల్లలు పుట్టరేమో’ అన్న భయాన్ని అక్కర్లేకుండా పెట్టడం క్రూరం. నిజంగా పీసీఓఎస్ ఉన్నా సరే, అండం విడుదల కావడానికి మంచి మందులు ఉన్నాయి. చాలామంది తల్లులవుతున్నారు.

పీసీఓఎస్ కాకపోతే ఇంకేం కావచ్చు? నెలసరి సరిగ్గా వస్తూ, హార్మోన్ పరీక్షలన్నీ మామూలుగా ఉండి, వెంట్రుకలు మాత్రం ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. చర్మంలోని ఒక ఎంజైమ్ టెస్టోస్టిరోన్‌ను మరింత చురుకైన రూపంలోకి మారుస్తుంది. వీళ్లలో ఆ పని ఎక్కువగా జరుగుతుందని, కుదుళ్లు ఉన్న కొద్ది హార్మోన్‌కే గట్టిగా స్పందిస్తాయని భావిస్తారు. ఇలాంటి వాళ్ల ఇళ్లలో తరచూ అమ్మకో, మేనత్తకో కూడా అలాగే ఉంటుంది. దీనికి భయపడాల్సిన పని లేదు. కావాలనుకుంటే తీయించుకోవచ్చు, వద్దనుకుంటే వదిలేయవచ్చు.

మరొకటి మేనరికాలు ఎక్కువగా ఉన్న మన కోస్తా కుటుంబాల్లో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది. అడ్రినల్ గ్రంథిలో కార్టిసాల్ అనే హార్మోన్ తయారీకి 21-హైడ్రాక్సిలేస్ అనే ఎంజైమ్ కావాలి. దాని జన్యువులో లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరితే ఎంజైమ్ మందగిస్తుంది. కార్టిసాల్ వైపు వెళ్లాల్సిన ముడిసరుకు ఆండ్రోజెన్ల వైపు మళ్లుతుంది. తీవ్రమైన రూపమైతే పుట్టినప్పుడే బయటపడుతుంది. తేలికపాటి రూపం మాత్రం యుక్తవయసులో వెంట్రుకలు, మొటిమలు, నెలసరి తేడాలతో వచ్చి అచ్చం పీసీఓఎస్‌లా కనిపిస్తుంది. తల్లిదండ్రులు దగ్గరి బంధువులైతే ఒకే లోపం ఇద్దరి నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది. 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరోన్ అనే రక్తపరీక్షను నెలసరి మొదటి రోజుల్లో, పొద్దున్నే చేయిస్తే దీని జాడ తెలుస్తుంది. ‘మాది మేనరికం’ అన్న మాట డాక్టరు అడగకపోయినా చెప్పడం మంచిది.

ఇక మంగు క్రీముల సంగతి. ఈ కారణం గురించి ఎంత చెప్పినా తక్కువే. బుగ్గల మీద మంగు వచ్చిందని, రంగు తేలాలని మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు కొన్ని వారాలకు రాసిన చీటీతో ఏళ్ల తరబడి కొంటూనే ఉంటారు, పక్కింటివాళ్లకూ ఇస్తారు. మొదటి నెలలో ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, ఎండకు మండుతుంది, ఎర్రటి నరాలు తేలుతాయి, మొటిమలు వస్తాయి, ముఖమంతా వెంట్రుకలు మొలుస్తాయి. ఇక్కడ వెంట్రుకలు గడ్డం, పెదవికి పరిమితం కాకుండా క్రీము రాసిన చోటల్లా, చెంపల మీద, కణతల మీద కూడా వస్తాయి. పై పరీక్షలన్నీ మామూలుగానే ఉంటాయి, ఎందుకంటే తప్పు ట్యూబులో ఉంది. చర్మవైద్యుల ఆందోళన తర్వాత 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. చీటీ లేకుండా కొనే అలవాటు మాత్రం పోలేదు. మానేయాలన్నా ఒక్కసారిగా మానేస్తే ముఖం మండి ఎర్రబారుతుంది, అందుకే చర్మవ్యాధుల డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. క్రీము ఆగాక ఆ వెంట్రుకలు కూడా క్రమంగా తగ్గుతాయి.

మందుల వల్ల వచ్చేవి ఇంకా కొన్ని ఉన్నాయి. తల వెంట్రుకలకు వాడే మినాక్సిడిల్ నుదుటి మీదికి జారితే అక్కడ మొలకలు రావచ్చు. మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ ఒంటి మీద వెంట్రుకలు పెంచగలదు, వాల్‌ప్రోయేట్ పీసీఓఎస్ లాంటి తేడాలు తేగలదు. మూర్ఛ మందు మాత్రం సొంతంగా ఆపేయకూడదు, అది ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి.

నలభై ఐదు, యాభై దాటిన ఆడవాళ్లకు గడ్డం మీద నాలుగైదు బిరుసు వెంట్రుకలు రావడం చాలా మామూలు. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ పడిపోతుంది, ఆండ్రోజెన్ అంతగా పడదు. ఆ తేడాయే గడ్డం మీద కనిపిస్తుంది.

ఏ వయసులోనైనా ఆలస్యం చేయకూడని సందర్భం ఒకటుంది. ఏళ్ల మీద మెల్లగా పెరిగితే అది సాధారణంగా ప్రమాదం లేనిదే. అలా కాకుండా కొన్ని నెలల్లోనే వెంట్రుకలు దట్టంగా వచ్చి, గొంతు బొంగురుపోయి, కణతల దగ్గర జుట్టు రాలిపోయి, కండలు తేలి, నెలసరి ఆగిపోతే అండాశయంలో గానీ అడ్రినల్‌లో గానీ కణితి ఉందేమో చూడాలి. అరుదైనదే, కానీ వారాల్లో తేల్చుకోవాల్సిన విషయం. టెస్టోస్టిరోన్ ఒక డెసిలీటరుకు 200 నానోగ్రాములు దాటితే డాక్టర్లు ఈ దిశగా వెతుకుతారు. ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరిగి కాళ్లూ చేతులూ సన్నబడి, పొట్ట మీద ఊదారంగు చారలు వస్తుంటే కార్టిసాల్ ఎక్కువయ్యే కుషింగ్ జబ్బు కోసం పరీక్షించాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు కూడా సాధారణంగా వీటితో పాటే చేయిస్తారు.

వైద్యానికి వెళ్లే వాళ్లకు ఎదురయ్యే ఒక చిన్న ఇబ్బంది పెద్ద తేడా తెస్తుంది. డాక్టర్లు వెంట్రుకలను కొలవడానికి ఫెర్రిమన్, గాల్వే 1961లో తయారు చేసిన పట్టికను తర్వాత సవరించి వాడుతున్నారు. తొమ్మిది చోట్ల ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 8 గానీ అంతకు మించి గానీ వస్తే హిర్సుటిజం అంటారు, కొన్ని జాతుల ఆడవాళ్లకు ఈ హద్దు ఇంకా తక్కువ. కానీ మన అమ్మాయి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రోజు పార్లర్‌కు వెళ్లి శుభ్రంగా తీయించుకొని వెళ్తుంది. ముఖం చూసిన డాక్టరు ‘పెద్దగా ఏం లేదమ్మా’ అని పంపించేస్తారు. సిగ్గుపడకుండా ‘నిన్ననే తీయించుకున్నాను, పది రోజులకోసారి తీయించుకోవాలి’ అని చెబితే కథ మారుతుంది. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో, రెండు ఊళ్ల మధ్య మంగళగిరి ఎయిమ్స్‌లో చర్మవ్యాధుల, స్త్రీల వైద్య ఓపీలు ఉన్నాయి. ఖర్చుకు భయపడి ఆగేవాళ్లు ముందు అక్కడికి వెళ్లవచ్చు.

పీసీఓఎస్‌లో తరచూ ముందుగా రాసేవి గర్భనిరోధక మాత్రలు. ‘పెళ్లికాని పిల్లకు ఆ మాత్రలా’ అని చీటీ చింపేసే ఇళ్లు ఉన్నాయి. ఇక్కడ వాటి పని వేరు. అండాశయం నుంచి ఆండ్రోజెన్ తయారీని తగ్గిస్తాయి, టెస్టోస్టిరోన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను పెంచుతాయి, నెలసరిని గాడిలో పెడతాయి. రక్తం గడ్డకట్టిన చరిత్ర, ఎక్కువ బీపీ, చూపులో మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లకు పనికిరావు కాబట్టి డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. ఆరు నెలలకు ఫలితం చాలకపోతే స్పైరనోలాక్టోన్ లాంటి, కుదురు దగ్గర ఆండ్రోజెన్‌ను అడ్డుకునే మందు చేర్చవచ్చు. అది వాడుతూ గర్భం దాల్చకూడదు, కడుపులోని మగబిడ్డ ఎదుగుదలకు హాని. షుగర్ జబ్బుకు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర షుగర్ వైపు, నెలసరి వైపు మేలు చేస్తుంది, వెంట్రుకల మీద దాని ప్రభావం తక్కువ. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరిలో మార్పు కనిపిస్తుంది. మూడు పూటలా పళ్లెం నిండా తెల్లన్నం ఉండే మన ఇళ్లలో అన్నం ఒక గరిటె తగ్గి పప్పు, కూర ఒక గరిటె పెరగడం మంచి మొదలు. గుంటూరు కారానికీ గడ్డం వెంట్రుకకూ సంబంధం లేదు, ‘వేడి చేసింది’ అనే మాట ఇక్కడ పనికిరాదు. పెళ్లయితే సర్దుకుంటుంది, కాన్పు అయితే పోతుంది అన్నవీ అంతే.

ఏ మందుకైనా ఆరు నెలలు ఓపిక పట్టాలి. ఇప్పటికే ముదిరిన కుదురు మందు వేసుకున్న వారానికి నూగుగా మారిపోదు. మందు కొత్తవి ముదరకుండా ఆపుతుంది, ఉన్నవాటిని తీసేసే పని వేరేగా సాగాలి. గొరిగితే మందంగా వస్తాయన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. 1928లోనే మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త కొలిచి చూసి, గొరగడం వల్ల వెంట్రుక మందమూ పెరిగే వేగమూ మారవని చూపారు. కోసిన కొన మొద్దుగా ఉండటంతో బిరుసుగా తగులుతుంది, అంతే. పసుపు, సున్నిపిండి రుద్దితే సన్నటి నూగు కొంత రాలవచ్చు. దుగ్గిరాల పసుపు ఎంత మేలుదైనా అండాశయంలో హార్మోన్‌ను మార్చలేదు, ముదిరిన వెంట్రుకను కుదురుతో తీయలేదు.

లేజర్ వెంట్రుకలోని నల్లరంగును పట్టుకొని కుదురును వేడితో దెబ్బతీస్తుంది. మన చర్మంలోనూ రంగు ఉంది కాబట్టి తగని యంత్రం, తగని మోతాదు అయితే చర్మం కాలి మచ్చలు పడతాయి. చామనఛాయ, నలుపు చర్మాలకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ రకం ఎక్కువ సురక్షితం. ఏ యంత్రం, ఎవరు చేస్తారు అని అడిగే హక్కు డబ్బు కట్టేవాళ్లకు ఉంది. నెల, నెలన్నర తేడాతో ఆరేడుసార్లు చేయించుకోవాలి. తెల్ల వెంట్రుకలకు పనిచేయదు, వాటికి కరెంటు సూదితో చేసే ఎలక్ట్రాలిసిస్ ఉంది. కొందరిలో, ముఖ్యంగా మన లాంటి చర్మానికి ముఖం మీద చేసినప్పుడు, ఉన్న నూగు కాస్తా ముదిరి వెంట్రుకలు పెరిగే ప్రమాదం కూడా ఉంది. హార్మోన్ అలాగే ఉండగా ‘శాశ్వతంగా పోతాయి’ అన్న బోర్డును నమ్మి ప్యాకేజీ కొనేముందు, నెలసరి ఎలా ఉందని ఆ సెంటర్‌లో ఎవరైనా అడిగారా అన్నది చూసుకోవాలి.

నెలసరి 35 రోజులు దాటి వస్తుంటే, ఏడాదికి ఎనిమిదిసార్ల కంటే తక్కువ వస్తుంటే, వెంట్రుకలను పక్కన పెట్టి అందుకోసమే డాక్టరును చూడాలి. నెలల తరబడి రాకుండా ఉంటే గర్భసంచి లోపలి పొర మందంగా పేరుకుపోతుంది, పెద్దయ్యాక అది ముప్పు తేవచ్చు. ఎక్కువ రోజులు ఈ వెంట్రుకల బాధను మోసిన ఆడవాళ్లలో దిగులు, ఆందోళన కూడా ఎక్కువే ఉంటాయి. ఫోటో తీస్తుంటే మొహం తిప్పుకోవడం, బంధువుల పెళ్లికి రానని మొండికేయడం పొగరు అనుకోకుండా అడిగి చూడాలి.

మన ఇళ్లలో వంటింటి గోడకు వేలాడే కేలెండర్‌లో గ్యాస్ బండ తేదీ, పాల లెక్క రాసుకుంటారు. చాలామంది ఆడవాళ్లు నెలసరి తేదీకి కూడా ఓ చుక్క పెట్టుకుంటారు. ఆ చుక్క పక్కన, గడ్డం మీద తీయించుకున్న రోజున ఇంకో గుర్తు పెట్టుకుంటే చాలు. ఆరు నెలల కాగితాలు డాక్టరు ముందు పెడితే, నెలకోసారి అవసరమైంది పది రోజులకు దిగిందా, చుక్కల మధ్య దూరం పెరిగిందా అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది.